దుర్గారావు గారి సన్మానం

భిలాయిలో తెలుగువాళ్ళు ఎవరికి సన్మానం చేసినా పళ్ళెం పట్టుకునేది దుర్గారావే. తూర్పు తెలుగు మిత్రమండలి పుట్టిన నాటి నుంచి, అంటే ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా, ఆ పని ఆయనది. శాలువా అంచు జనానికి కనపడేలా పైన, దాని పక్కన దండ, దండ పక్కన అయిదు రకాల పళ్ళు, జ్ఞాపిక మాత్రం విడిగా చేతికందేలా. అలా సర్దడం మా దుర్గారావుకొక్కడికే తెలుసని మండలి అధ్యక్షుడు సత్యమూర్తి ప్రతి సభలోనూ మైకులో మెచ్చుకునేవాడు. మెచ్చుకుని, ఆ శాలువా తీసి ఇంకొకరికి కప్పేవాడు.

ఎవరెవరికి కప్పారో చెబితే నవ్వొస్తుంది. ఆంధ్రా నుంచి రైల్లో దుర్గ్ స్టేషన్లో దిగిన అవధానులకీ, డాక్టర్లకీ కప్పారు, సరే. రిటైరైన ఇంజనీరుకి కప్పారు. ఆ ఇంజనీరుగారి వియ్యంకుడు చుట్టపుచూపుగా వస్తే ఆయనకీ కప్పారు. ఒక ఉగాదికి వేరే ఎవరూ దొరక్క మైకుసెట్టు పెట్టినవాడికి కప్పారు. దుర్గారావుకి మాత్రం కప్పలేదు. హథ్‌ఖోజ్ కార్ఖానాల పేటలో ఒక రేకుల షెడ్డు, అందులో ఒకే ఒక్క లేత్ మిషను, పగలంతా దాని మీద ఇనప పిన్నులు తరుగుకునే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి సన్మానించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఆయనా అడగలేదు. అడిగి పుచ్చుకుంటే అది సన్మానం కాదు గదా. కానీ కోరిక ఉండేది, గుండెల్లో కుంపటిలా ఉండేది. లేత్ తిరుగుతూ ఉంటే ఆ రొదలో ఎవరికీ వినపడదనుకుని, 'వేదికనలంకరించిన పెద్దలకూ' అంటూ తన సన్మానంలో తాను మాట్లాడబోయే మాటలు వల్లె వేసుకునేవాడు. చిన్నప్పుడు అన్నం క్యారేజీ తీసుకెళ్ళిన కూతురు ఆ మాటలు గుమ్మంలో నిలబడి విన్నది. ఒక కుర్చీ, ఒక శాలువా, మూడు నిమిషాల మైకు. ఆ మనిషి ఈ లోకాన్ని అడిగింది అంతే. ఆ సంగతి మండలిలో అందరికీ తెలుసు, ఇంట్లో కూతురికి ఇంకా బాగా తెలుసు. తెలిసిన కూతురు దాన్ని ఏం చేసిందో అదే ఈ కథ.

కూతురు పేరు బిందుప్రియ. ఇరవయ్యారేళ్ళు. దుర్గ్‌లో ఇంజనీరింగు చదివి, రాయపూర్‌లో ఏడాది ఉద్యోగం వెలగబెట్టి, మానేసి, జోకులు రాయడం మొదలుపెట్టింది. మొదట రేడియోలో మాట్లాడేవాళ్ళకి రాసిచ్చింది. తర్వాత ఫోన్లలో నిమిషం వీడియోలు చేసేవాళ్ళకి రాసిచ్చింది. అవతలివాళ్ళు తన మాటలతో చప్పట్లు కొట్టించుకుంటుంటే చూడలేక, తనే మైకు పట్టుకుని కాఫీ హోటళ్ళలో వారానికి రెండు సాయంత్రాలు నిలబడటం మొదలెట్టింది. ఆమె తెలుగు ఇంటి గడప దాకానే. నవ్వించేదంతా హిందీలోనే.

మొదటి ఏడాది ఒక్క మనిషీ నవ్వలేదు. బొంబాయి వాళ్ళ జోకులు, మెట్రో రైళ్ళూ, అద్దె ఫ్లాట్లూ, ప్రేమికుల పేచీలూ ఎరువు తెచ్చుకుని చెప్పేది. మెట్రో రైలు ఎక్కని పిల్ల చెబితే మెట్రో రైలు ఎక్కని జనం ఎందుకు నవ్వుతారు? ఒక సాయంత్రం అలాగే చెప్పింది చెప్పినట్టు నేలపాలవుతూ ఉంటే, ఏం చెయ్యాలో తోచక, భుజాలు కాస్త ముందుకు వంచి, చేతిలో పళ్ళెం ఉన్నట్టు పట్టుకుని, తండ్రి గొంతుతో "బాత్ ఏసా హై" అని ఆగింది.

దుర్గారావు హిందీ అలాంటిది. నలభై ఏళ్ళ కిందట బొబ్బిలి దగ్గరి ఊరి నుంచి రైలు దిగినప్పుడు ఎంత వచ్చో ఇప్పటికీ అంతే వచ్చు. ఏం చెప్పాలన్నా 'బాత్ ఏసా హై', అంటే సంగతేమిటంటే, అని మొదలెట్టి, పైకప్పు కేసి చూసి, మాటలు వెతుక్కుని, వెతికినంత పోగేసి, చివర్న 'సమ్‌ఝా కి నహీ' అని అవతలివాడికి అర్థమయిందో లేదో వాకబు చేస్తాడు. బిందుప్రియ పైకప్పు కేసి చూడగానే హోటలు గొల్లుమంది. ఆ రోజు నుంచి ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

రెండేళ్ళలో ఆమె జోకుల్లో పళ్ళెం పాపా, అంటే పళ్ళెం నాన్న, తయారయ్యాడు. ఇంకొకరి శాలువా మోసే పాపా, ఎవరూ లేనప్పుడు అద్దం ముందు తువ్వాలు కప్పుకుని చూసుకునే పాపా, లేత్ మిషనుకి ఉపన్యాసమిచ్చే పాపా. ప్రతి ముక్కకీ ముందు 'ఇది నిజంగా జరిగిందండీ' అని చెప్పేది. నిజమని చెబితే జనం ఇంకొంచెం ఎక్కువ నవ్వుతారు, ఆ వృత్తిలో అదొక కిటుకు. ఇక్కడ మాత్రం కిటుకు అవసరం లేకపోయింది, అంతా నిజమే. జనానికి ఆమె ఎంత బాగా అలవాటు చేసిందంటే, 'బాత్ ఏసా హై' అన్న మూడు మాటలు పడితే చాలు, తర్వాత ఏం వస్తుందో వినకుండానే నవ్వేవాళ్ళు.

దుర్గారావుది బటన్ల ఫోను. కూతురు ఏవో ప్రోగ్రాములు చేస్తుందనీ, మైకులో చక్కగా మాట్లాడుతుందనీ తెలుసు. సభల్లో వక్తల్ని పరిచయం చేసేవాళ్ళ లాంటి పనేదో అనుకుని మురిసిపోయేవాడు. స్మృతి నగర్‌లో వాళ్ళ అద్దింటి వీధి మొదట్లో టీ బండి దగ్గర చేరే కాలేజీ కుర్రాళ్ళు ఆయన్ని చూడగానే "అంకుల్, బాత్ కైసా హై?" అని అడిగేవాళ్ళు. తనని గౌరవించి యోగక్షేమాలు అడుగుతున్నారనుకుని ఆయన ఆగి, పైకప్పు లేదు కాబట్టి ఆకాశం కేసి చూసి, వివరంగా జవాబు చెప్పేవాడు. వాళ్ళు దాన్ని ఫోన్లలోకి ఎక్కించుకునేవాళ్ళు.

ఇలా ఉండగా గిరీష్ అనే రాయపూర్ నిర్మాత వచ్చాడు. గంటసేపటి కార్యక్రమం, నాలుగు కెమెరాలు, దేశమంతా ఫోన్లలో చూస్తారు. భిలాయిలోనే స్టీలు టౌన్‌షిప్ సెక్టార్‌లో ఒక ఆడిటోరియం తీసుకుందామన్నాడు. ఒకే ఒక్క షరతు పెట్టాడు. ఆఖర్న అసలు పాపా వేదిక మీదికి రావాలి. లేకపోతే ఇది ఒక అమ్మాయి వాళ్ళ నాన్నని వెక్కిరించిన ఇంకో వీడియో, అలాంటివి వంద ఉన్నాయి, నాకొద్దన్నాడు.

బిందుప్రియ మూడు రోజులు ఆలోచించింది. పిలవాలా వద్దా అని కాదు లెండి, ఎలా పిలవాలా అని. ఉన్నమాట చెబితే ఆయన రాడు. నవ్వులపాలు కావడమంటే ఆయనకి చచ్చేంత భయం. నాలుగో రోజు పొద్దున్న ఆయన చెప్పులు వేసుకుంటూ ఉండగా, నాన్నా నీకు సన్మానం చేస్తారట అంది.

దుర్గారావు ఒక చెప్పు వేసుకుని రెండోది వేసుకోవడం మరిచిపోయాడు. ఎవరు చేస్తారట, ఎందుకు చేస్తారట అని అడిగాడు. మా వాళ్ళు ఏటా ఒక కళాకారుడి తల్లినో తండ్రినో సన్మానిస్తారు, ఈ ఏడు నిన్ను అనుకున్నారు అని చెప్పింది. అబద్ధం ఆమె నోట్లోంచి మంచినీళ్ళలా వచ్చింది, రోజూ రాసే చెయ్యి కదా.

"శాలువా ఉంటాదా?" అన్నాడు, చిన్న గొంతుతో.

"ఉంటుంది నాన్నా."

"మైకు ఇస్తారేటి? రెండు ముక్కలు మాటాడొచ్చా?"

"నీ ఇష్టమొచ్చినంతసేపు మాట్లాడొచ్చు."

అప్పుడాయన రెండో చెప్పు కూడా వేసుకుని, మళ్ళీ ఆగి, మరి పళ్ళెం ఎవరు పట్టుకుంటారు అని అడిగాడు. వాళ్ళకి సర్దడం తెలీదులే, నేనే సర్ది పట్టుకొచ్చెస్తాను అని ఆయనే తేల్చేశాడు. ఈ మాట చెబితే గిరీష్ ఫోన్లో రెండు నిమిషాలు నవ్వాడు. పట్టుకు రానీ, పట్టుకునే రానీ అన్నాడు.

తర్వాతి పది రోజులూ దుర్గారావు మోపెడ్ మీద టౌన్‌షిప్ అంతా తిరిగి మిత్రమండలి వాళ్ళని పేరుపేరునా పిలిచాడు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు వాళ్ళ సన్మానాలకి పిలుపులు మోసినవాడు, మొదటిసారి తన పిలుపు తను మోశాడు. సత్యమూర్తి ఇంటికి రెండుసార్లు వెళ్ళాడు. తప్పకుండా వస్తాం, ఇది మండలికే గౌరవం అన్నాడట సత్యమూర్తి. అతని మనవల ఫోన్లలో పళ్ళెం పాపా ఉన్నాడని, అతను అవి చూసి భోజనాల బల్ల దగ్గర నవ్వుకున్నాడని దుర్గారావుకి తెలియదు.

తెలిసి ఊరుకోలేకపోయింది ఒక్క బేబీ పిన్ని. బిందుప్రియ తల్లి సూర్యావతికి సొంత చెల్లెలు, దుర్గ్‌లో రైల్వే గార్డు భార్య. సూర్యావతి పోయి పద్దెనిమిదేళ్ళు. అప్పుడు బిందుప్రియకి ఎనిమిది. ఆ తర్వాత జడలు వేసిందీ, జ్వరమొస్తే పక్కన పడుకున్నదీ ఈ పిన్నే. ఫోన్ చేసి, బావకి ముందుగా చెప్పీ అంది. "సెప్పకుండా తీసుకెళ్ళి అంతమంది ముందర కూకోబెడితే ఆ మనిషి ఏటైపోతాడే?" అంది.

బిందుప్రియ ఓపిగ్గా సమాధానం చెప్పింది. ఆయనకి శాలువా దొరుకుతుంది, నాకు బతుకు దొరుకుతుంది, జనం ప్రేమతోనే నవ్వుతారు, ఎవరికీ నష్టం లేదు అని. పిన్ని విని, నేను మటుకు రాను అని పెట్టేసింది. రాలేదు కూడా.

ఆ ఆదివారం సాయంత్రం ఆడిటోరియంలో ఆరువందల మంది. ముందు రెండు వరుసల్లో మిత్రమండలి వాళ్ళు పట్టుచీరల్లో, ఇస్త్రీ చొక్కాల్లో కూర్చున్నారు. దుర్గారావుని తెర వెనక ఒక గదిలో, పెద్ద ఫ్యాను కింద, తలుపు వేసి కూర్చోబెట్టారు. గిరీషే స్వయంగా ఏర్పాటు చేశాడు, ఆ రొదలో వేదిక మీది మాటలు వినపడవు. ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, కొత్త పట్టుపంచె నలగకుండా మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని, ఆయన గంటసేపు అలా కూర్చున్నాడు. మధ్యమధ్య నవ్వుల హోరు తలుపు సందుల్లోంచి వచ్చేది. సభ బాగా నడుస్తాందా అని కాపలా ఉన్నవాణ్ణి హిందీలో అడిగాడు. చాలా బాగా నడుస్తోందన్నాడు వాడు, పెదవి కొరుక్కుంటూ.

వేదిక మీద బిందుప్రియ ఆ రోజు దుమ్ము దులిపింది. మొదట మిత్రమండలి మీద మొదలెట్టింది. అధ్యక్షుడి గొంతు, కార్యదర్శి కునుకు, వియ్యంకుడికి శాలువా. ముందు రెండు వరుసలూ బిగుసుకుపోయాయి. సత్యమూర్తి చేతులు కట్టుకుని, మెడ నిలబెట్టి, ఇది తన గురించి కాదన్నట్టు కూర్చున్నాడు. ఆమె అక్కడి నుంచి తండ్రి మీదికి మళ్ళగానే ఆ వరుసల్లో ఊపిరి ఆడింది. అద్దం ముందు తువ్వాలు ముక్కకి అందరికంటే పెద్దగా నవ్వింది సత్యమూర్తే. తన మీంచి పోయిన బండి పక్కవాడి మీద ఎక్కితే మనిషికి కలిగే సంతోషం అంతా ఇంతా కాదు.

తర్వాత ఆమె చేత్తో తెర వైపు చూపించి, ఇప్పుడు అసలు మనిషి అంది.

దుర్గారావు పళ్ళెంతో వచ్చాడు. ముప్ఫయ్యొక్క ఏళ్ళ అలవాటు కదా, వేదిక ఎక్కగానే మధ్యలోకి రాకుండా, పళ్ళెం పట్టుకునేవాడు నిలబడే చోట, కుర్చీకి ఎడమ పక్కన, సగం అడుగు వెనక నిలబడ్డాడు. ఆరువందల మందీ లేచి నిలబడ్డారు. ఈలలు, చప్పట్లు, పేరు పెట్టి కేకలు. అలాంటి చప్పట్లు ఏ అవధానికీ పడలేదు, ఏ డాక్టరుకీ పడలేదు. ఆయన వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చారేమోనని. ఎవరూ లేరు. ఆ చప్పట్లు తనవే.

బిందుప్రియ పళ్ళెం తీసుకుని, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా విప్పి కప్పింది. కప్పకముందే ఆయన మెడ వంచాడు. పట్టు అంచు చెవికి తగలగానే కళ్ళు మూసుకున్నాడు, రెప్పల కింద నుంచి నీళ్ళు జారాయి. చెప్పుకోవాలి కాబట్టి చెబుతున్నాను, ఆ క్షణంలో ఆమె కడుపు నిండిపోయింది. నిజంగా సంతోషించింది. నాన్నకి ఇది నేను ఇచ్చాను అనుకుంది. అక్కడితో తెర దించి ఉంటే ఇద్దరూ ఆ సంతోషంతో ఇంటికి పోయేవాళ్ళు.

కానీ మైకు ఇస్తానని మాట ఇచ్చింది, గిరీష్ కెమెరా పక్క నుంచి ఇవ్వు ఇవ్వు అని చెయ్యి ఊపుతున్నాడు. ఇచ్చింది. దుర్గారావు లేచి, శాలువా సర్దుకుని, ముందున్నది హిందీ జనం కాబట్టి మర్యాదగా హిందీలోనే మొదలెట్టాడు.

"బాత్ ఏసా హై," అన్నాడు.

హాలు కూలిపోయింది. ఆయన తెల్లబోయి, తర్వాత సర్దుకుని, నవ్వు ఆగేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్ద సభల్లో వక్తలు అలాగే నిలబడటం ఆయన ఎన్నోసార్లు చూశాడు. ఆగాక పైకప్పు కేసి చూశాడు. మళ్ళీ కూలిపోయింది.

ఆ పైన ఆయన ఏమన్నా అంతే. వేదికనలంకరించిన పెద్దలకు నమస్కారం అంటే నవ్వారు. తాను చదువుకోలేదని అంటే నవ్వారు. సన్మానం అంటే దంపతుల్ని పక్కపక్కన కూర్చోబెట్టి చేస్తారు, మా తెలుగువాళ్ళ పద్ధతి అది, కాబట్టి దయచేసి ఇంకొక కుర్చీ తెప్పించండి అని అడిగితే విరగబడి నవ్వారు. ఎవరికి అన్నట్టు చూస్తున్నారనుకుని, మా మిసెస్‌కి అని చెప్పాడు. మిసెస్ లేదు, పోయింది, అయినా కుర్చీ ఉండాలి అన్నాడు. వెనక వరుసల్లో ఎవరో కళ్ళు తుడుచుకుంటూ కుర్చీలోంచి కిందికి జారాడు. సిబ్బందిలో ఒకతను నిజంగానే కుర్చీ తెచ్చి వేశాడు.

దుర్గారావు ఆ ఖాళీ కుర్చీ వైపు తిరిగాడు. అప్పటిదాకా లేత్ ముందు వల్లె వేసిన ఉపన్యాసం అక్కడితో ఆగిపోయింది. తర్వాత చెప్పింది ఆయన ఎక్కడా వల్లె వేసుకున్నది కాదు.

పద్దెనిమిదేళ్ళ కిందట ఒక రోజు మండలి వాళ్ళ పెద్ద సభ అని చెప్పాడు. ఆంధ్రా నుంచి రావలసిన ముఖ్య అతిథి రైలు ఆలస్యమైంది. సూర్యావతిని పొద్దున్నే ఆస్పత్రిలో చేర్చి, మరదల్ని కాపలా పెట్టి, ఒక్క గంటలో వస్తానని పళ్ళెం సర్దడానికి వచ్చాడు. హాలుకి ఫోన్ వచ్చింది, మీ ఆవిడకి బాగోలేదు, వెంటనే రమ్మంటున్నారని. శాలువా ఒక్కటి అవనీ దుర్గారావూ, నువ్వు పోతే పళ్ళెం ఎవరు పడతారు అన్నారు అధ్యక్షులవారు. సరే అని ఆగాడు. జనం నవ్వుతూనే ఉన్నారు, కానీ నవ్వు అక్కడక్కడ పల్చబడింది. ముందు వరుసలో సత్యమూర్తి చెప్పుల్లోకి చూసుకుంటున్నాడు.

"మేరా మిసెస్ సూర్యావతి మేరేకో బులాయా," అన్నాడు దుర్గారావు. "హమ్ శాలువా హోనే కే బాద్ గయా. తబ్ తక్ ఖతమ్."

ఆవిడ పిలిచింది, శాలువా కప్పడం అయ్యాక వెళ్ళాడు, అప్పటికే ఆవిడ పోయింది. హాలు నిశ్శబ్దమైపోయింది. ఆరువందల మందికీ ఒక్కసారే అర్థమైంది, ఈ మనిషి నవ్వించడానికి చెప్పడం లేదని. ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. ఒక పెద్దావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంకొక్క క్షణం అలా వదిలేసి ఉంటే వాళ్ళు ఆయన కోసం ఏడ్చి ఉండేవాళ్ళు, ఆ సన్మానం నిజమైపోయి ఉండేది.

బిందుప్రియ ఆయనకి రెండు అడుగుల దూరంలో ఇంకో మైకుతో నిలబడి ఉంది. ఆ రోజు నాన్న మందుల కోసం దుర్గ్ వెళ్ళాడని ఆమెకి చెప్పారు. పద్దెనిమిదేళ్ళుగా ఆమె నమ్మింది అదే. ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని, నాన్న మందు తెస్తున్నాడు, తెస్తున్నాడు అని కాళ్ళు ఊపుకుంటూ ఎదురుచూసిన పిల్ల ఆమెలో ఒక్కసారి లేచి నిలబడింది. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, ఆయన్ని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. ఇవన్నీ వచ్చాయి. వీటన్నిటికంటే ముందు ఇంకొకటి వచ్చింది. హాలు చచ్చిపోయింది, ఏదో ఒకటి అనాలి అన్న భయం. నిశ్శబ్దం వస్తే ఆ క్షణమే పూడ్చాలని మూడేళ్ళుగా ఆమె ఒంటికి పట్టిన విద్య.

భుజాలు ముందుకు వంచింది. పైకప్పు కేసి చూసింది.

"బాత్ ఏసా హై," అంది, తండ్రి గొంతుతో. "శాలువా పహలే. మిసెస్ బాద్ మే. సమ్‌ఝా కి నహీ?"

ముందు శాలువా, తర్వాతే పెళ్ళాం అన్న ఆ ముక్కకి వచ్చినంత నవ్వు ఆమె తన జన్మలో వినలేదు. కట్టలు తెంచుకుంది. ఏడవబోయి ఆగినవాళ్ళందరూ ఏడవక్కర్లేదని తెలిసి ప్రాణం లేచొచ్చినట్టు నవ్వారు, కొంగు అడ్డం పెట్టుకున్న పెద్దావిడ కొంగు తీసేసి నవ్వింది. సత్యమూర్తి చెప్పుల మీంచి తల ఎత్తి, అటూ ఇటూ చూసి, తనూ చప్పట్లు కొట్టాడు. ఇంకెవరూ అతన్ని ఏమీ అడగరు.

దుర్గారావు మెల్లిగా కూతురి వైపు తిరిగాడు. తన గొంతు ఇంకొకరి నోట్లోంచి రావడం ఆయన వినడం అదే మొదలు. హాలంతా ఒకసారి చూశాడు, మళ్ళీ ఆమెని చూశాడు. టీ బండి దగ్గరి కుర్రాళ్ళు కూడా అప్పుడే అర్థమయ్యారేమో. మైకు రెండు చేతులతో ఆమెకి అందించి, నమస్కారం పెట్టి, కుర్చీలో కూర్చున్నాడు. పక్క కుర్చీ అలాగే ఉంది. ఆ నవ్వు ఎంతసేపు సాగిందో బిందుప్రియకి తెలుసు. పదకొండు సెకన్లు. లెక్కపెట్టాలని అనుకోలేదు, ఆమె లోపల ఎవరో లెక్కపెట్టేశారు. దానికి ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది, అయినా అంకె మరిచిపోలేదు.



మర్నాడు పొద్దున్నే గిరీష్ ఫోన్ చేశాడు. వీడియో పెట్టే కంపెనీవాళ్ళు ఆ చివరి ముక్క చూశారట. అయిదు ఊళ్ళలో టిక్కెట్టు షోలు ఖాయం చేస్తామన్నారట, రాయపూర్, నాగపూర్, ఇంకా పెద్దవి. ఒకటే మాట, ఇద్దరూ రావాలి, ఆ ముక్క ఉన్నది ఉన్నట్టు ఉండాలి. బిందుప్రియ ఫోన్ పెట్టేసి వంటింటి గుమ్మంలో కూర్చుంది. దుర్గారావు అటు తిరిగి టీ కాస్తున్నాడు. షెడ్డుకి పోవాల్సిన వేళ దాటిపోయింది, పోలేదు.

"నిన్నటి గొంతు నాదేనా?" అని అడిగాడు, తిరగకుండానే.

"నీదే."

"ఎన్నాళ్ళ బట్టి?"

రెండేళ్ళని చెప్పింది. ఆయన మంట తగ్గించాడు. నేను అలగే ఉంటానా అని అడిగాడు. అబద్ధం ఆడొచ్చు, అప్పటికి ఎన్నో ఆడింది. అలాగే ఉంటావు నాన్నా అంది. ఆయన తల ఊపాడు, ఎవరో తెచ్చిచ్చిన కొలత సరిపోయిందన్నట్టు.

కాసేపటికి, అమ్మ సంగతి ఇంట్లోనే చెప్పాల్సింది, నోరు రాలేదు అన్నాడు. అక్కడ మైకు ఇచ్చేసరికి వచ్చీసింది అన్నాడు. బిందుప్రియ లేచి వెళ్ళి ఆయన వీపు మీద తల పెట్టుకుందామనుకుంది, అమ్మని అలా ఎందుకు వదిలేశావని అరుద్దామనుకుంది. రెండూ చెయ్యకుండా, గిరీష్ చెప్పింది మొదటి నుంచి చివరి దాకా చెప్పింది.

"శాలువా ముక్క కూడా చెప్పమన్నారేటి?"

"అదే ముఖ్యమట."

టీ పొంగి స్టవ్వు మీద పడింది. ఆయన గుడ్డ తీసుకుని శుభ్రంగా తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. ఆయన వద్దంటే బాగుండునని ఆమె ఒక్క నిమిషం నిజంగానే కోరుకుంది. అంటే అక్కడితో అయిపోయేది, తప్పు ఆయనదీ ఆమెదీ కాకుండా పోయేది.

"నీకు పనికొస్తాదా అది?" అన్నాడు.

"నా బతుకే అది నాన్నా."

"అయితే సెప్తాను. మీ అమ్మకి నేనేటీ సెయ్యలేదు. నీకేనా సెయ్యాల."

గ్లాసుల్లో టీ పోసి ఒకటి ఆమెకిచ్చి, ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. రెండు గుక్కలు తాగి, నిన్న ఎక్కడైనా తేడా పోయిందా అని అడిగాడు. లేత్ మీద చేసిన పని ఇచ్చేటప్పుడు అడిగే గొంతు అది.

ఆమె చెప్పకూడదనుకుంది. చెప్పేసింది. అమ్మ పేరు చెప్పి వెంటనే తర్వాతి మాటలోకి వెళ్ళిపోయావు, అక్కడ ఆగాలి అంది. ఆగితే జనానికి దుఃఖం వస్తుంది, అది బాగా పైకొచ్చాక నేను అందుకుంటాను, అప్పుడు నిన్నటికి రెండింతలు నవ్వుతారు అంది. చెబుతూ చెబుతూ ఉంటే ఆమె గొంతులో వణుకు పోయి పనివాళ్ళ గొంతు వచ్చింది.

దుర్గారావు గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు. చేతులు కట్టుకుని వంటింటి కప్పు కేసి చూశాడు.

"బాత్ ఏసా హై," అన్నాడు. "మేరా మిసెస్ సూర్యావతి."

ఆగాడు. కళ్ళు నిండాయి, కింది పెదవి వణికింది, కణతల దగ్గర నరం కొట్టుకుంది. అయినా మాట ముందుకు పోకుండా పట్టుకుని, ఇంతసేపు చాలా అన్నట్టు కూతురి మొహం లోకి చూశాడు.

బిందుప్రియ మనసులో లెక్కపెడుతోంది.

"ఇంకొంచెం నాన్నా," అంది.